డొంకూరు వాళ్లు చూడాల్సిన లండన్

లండన్‌లో పాల్ మాల్ అని ఒక వీధి ఉంది. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో సింహాల పక్కన ఫొటో దిగి, అక్కణ్నుంచి బకింగ్‌హామ్ ప్యాలెస్ చూడబోయే జనం దాని పక్కరోడ్డు మీదుగా వెళ్లిపోతారు. పాల్ మాల్‌లోకి ఎవరైనా తొంగి చూసినా కనబడేవి పాత క్లబ్బుల రాతిగోడలు, ఇత్తడి పిడుల తలుపులే. మన ఇచ్ఛాపురం మండలం డొంకూరు నుంచో, కవిటి నుంచో, సోంపేట నుంచో వెళ్లినవాళ్లకైతే ఆ వీధిలో రెండు పనులున్నాయి. ఒకటి చేపలది, ఇంకొకటి సరిహద్దుది.

ముందు చేపల సంగతి. 1803లో ఈ వీధిలోని నికోల్ అనే పుస్తకాల వర్తకుల కోసం పెద్ద సైజు పుస్తకం ఒకటి అచ్చయింది. విశాఖపట్నం తీరంలో దొరికిన రెండు వందల చేపల బొమ్మలు, వాటి వర్ణనలు అందులో ఉన్నాయి. రాసినాయన ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకి వైద్యం చేసినవాడు. 1780ల్లో సోదరుడు విశాఖలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో ఉంటే ఆయనా వచ్చి, కొన్నేళ్లు అక్కడే ఉండిపోయాడు. రేవుకొచ్చిన చేపని చూడడం, దాన్ని ఇక్కడివాళ్లు ఏమంటారో కనుక్కోవడం, విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం ఆయన పద్ధతి. అందుకే ఆ పుస్తకంలో చేపల పేర్లు చాలావరకు మనవే. కోనేం ఉంది, వంజరం ఉంది, నల్ల చందువ ఉంది.

కానగంత కూడా ఉంది. మన తీరంలో ఒక్కో రేవులో ఒక్కోలా పలుకుతారు గానీ రస్సెల్ చెవికి అది ‘కానగుర్త’గా వినిపించింది. ఆ పుస్తకం పారిస్‌లో కువ్యే అనే మహా జీవశాస్త్రవేత్త చేతికి చేరింది. 1816లో ఆయన ఆ చేపకి శాస్త్రీయ నామం పెడుతూ రస్సెల్ రాసిన మాటనే తీసుకున్నాడు. ఇవాళ ప్రపంచంలో ఏ మత్స్యశాస్త్ర గ్రంథం తెరిచినా ఆ చేప రాస్ట్రెల్లిగర్ కానగుర్తే. జపాన్ విద్యార్థి అయినా, బ్రెజిల్ ప్రొఫెసరైనా పరీక్షలో మన జాలరి మాట రాయాల్సిందే. మంచినీటి వాలుగకీ ఇలాంటి యోగమే పట్టింది. దాని శాస్త్రీయ నామంలో మొదటి సగం ‘వల్లాగో’ కూడా రస్సెల్ పుస్తకం నుంచి వెళ్లిందే.

ఇంతకీ ఈ రస్సెల్ మనకి కొత్తవాడేం కాదు. జీడితోటల్లో అడుగేసేటప్పుడు మనం భయపడే రక్తపింజరిని ఇంగ్లీషులో ఆయన పేరుతోనే రస్సెల్స్ వైపర్ అంటారు. 1796లో పాముల మీద కూడా ఆయన పుస్తకం తెచ్చాడు. ఆయన పోగుచేసిన పాము చర్మాలు కొన్ని సౌత్ కెన్సింగ్‌టన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ హాల్లో వేలాడే నీలి తిమింగలం అస్థిపంజరం కింద నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లు రోజూ వేలల్లో ఉంటారు. ఆ మేడలోనే ఎక్కడో మన తీరం నుంచి వెళ్లిన పాము చర్మాలున్నాయని ఏ గైడూ చెప్పడు.

గీత గీసిన గది

రెండో పని కోసం పాల్ మాల్ చివరిదాకా నడవాలి. ఎదురుగా ఎర్రటి ఇటుకలతో, రెండు బురుజులతో సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ద్వారం కనబడుతుంది. ఎనిమిదో హెన్రీ కట్టించింది. మామూలు రోజుల్లో లోపలికి రానివ్వరు. బయట నిలబడి చూడ్డమే. ఆ చూడ్డం మాత్రం మనవాళ్లు తప్పకుండా చూడాలి.

1930 నవంబర్ 12న ఐదో జార్జి రాజు ప్రారంభించిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశం ఆ తర్వాత ఈ ప్యాలెస్‌లోనే నడిచింది. పాఠ్యపుస్తకాల్లో మనం చదువుకున్నది గాంధీగారు రెండో సమావేశానికి వెళ్లారని. మొదటి సమావేశానికి మన పొరుగాయన ఒకరు వెళ్లారు. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్. ఒడియా మాట్లాడేవాళ్లకి ప్రత్యేక రాష్ట్రం కావాలని ఆయన అక్కడ వాదించారు. అప్పటికి ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా కింద ఉండేవి. ఆ జిల్లాలో తెలుగు, ఒడియా పడుగూ పేకల్లా కలిసిపోయి ఉంటే వాటిని విడదీయడం ఎలాగన్నదే చిక్కు.

ఆ తర్వాత ఆ చిక్కు తేల్చడానికి ఓడొన్నెల్ కమిటీ వచ్చింది. సాక్ష్యాలు, మహజర్లు, ఊళ్లవారీగా భాషల లెక్కలు. బరంపురం తెలుగువాళ్లు ఒకవైపు, ఒడియావాళ్లు ఇంకొకవైపు. 1933లో వచ్చిన శ్వేతపత్రం పర్లాకిమిడిని కొత్త రాష్ట్రంలో కలపలేదు. కొత్త రాష్ట్రం కోసం లండన్ దాకా వెళ్లి వాదించిన రాజుగారి సొంత ఊరే దాని బయట ఉండిపోయే పరిస్థితి. మళ్లీ లండన్‌లోనే, లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షతన పార్లమెంటు ఉమ్మడి కమిటీ కూర్చుంది. 1934 నివేదికలో పర్లాకిమిడి ఎస్టేటులోంచి పట్నంతో సహా చిన్న ముక్కని, పర్లాకిమిడి, జలంత్ర మన్యాలని ఒడిషా వైపు చేర్చారు. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం పుట్టింది. బరంపురం అటు వెళ్లింది. ఇచ్ఛాపురం ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో పడింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడేదాకా అక్కడే ఉంది.

ఆ గీత కొండల్లోంచి దిగి, పొలాల మధ్యగా, బాహుదా నది ఒరవల మీదుగా వచ్చి సముద్రంలో కలిసే చోట డొంకూరు ఉంది. ఆంధ్ర తీరం మొదలయ్యేది అక్కడే. శ్రీకాకుళం జిల్లా 193 కిలోమీటర్ల తీరాన్ని అధికారులు లెక్కపెట్టడం మొదలెట్టేదీ అక్కణ్నుంచే. వేటకెళ్లే పడవకి నీళ్లలో ఏ గీతా కనబడదు. ఒడ్డుకొచ్చాకే ఏ రాష్ట్రం, ఏ డీజిల్ సబ్సిడీ, వేట నిషేధం భృతి ఎక్కడ అన్న ప్రశ్నలు. ఒంట్లో బాగోకపోతే మాత్రం మన ఉద్దానం జనం గీత సంగతి మర్చిపోయి బరంపురం బండెక్కుతారు. వాళ్లు వెళ్లే ఎంకేసీజీ ఆస్పత్రి పేరులోని నాలుగు అక్షరాలు సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో వాదించిన ఆ మహారాజువే. ఓపీ చీటీ పట్టుకున్నవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో!

బరంపురం నుంచి ఇంకొకాయన కూడా రౌండ్ టేబుల్‌కి వెళ్లారు. రెండో సమావేశానికి, కార్మికుల ప్రతినిధిగా. ఆయన వి.వి.గిరి. చదువుకోడానికి 1913లో డబ్లిన్ వెళ్లి, ఐర్లాండ్ తిరుగుబాటు వేడిలో 1916లో అక్కణ్నుంచి వెళ్లగొట్టించుకుని వచ్చిన కుర్రాడు, పదిహేనేళ్లకి లండన్‌లో బల్లకి ఇవతల కూర్చున్నాడు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు. మన స్టేషన్లలో బరంపురం టికెట్ కొనుక్కున్నంత తేలిగ్గా ఆ తరం వాళ్లు యూరప్ రాజధానులకి వెళ్లొచ్చేవాళ్లని అనుకోకండి. ఓడలో వారాల ప్రయాణం.

ఆఫీసులేని హెడ్డాఫీసు

లండన్ మనకి ఒకప్పుడు తాలూకా ఆఫీసు లాంటిది. ఊరికి దూరంగా ఉంటుంది, మన కాగితాలన్నీ అక్కడే ఉంటాయి, మన సంగతి అక్కడ తేలుతుంది, మనం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ ఆఫీసు లెడెన్‌హాల్ వీధిలో ఉండేది. ఈస్టిండియా హౌస్. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి చిక్కింది 1765 నుంచి 68 మధ్య. మొదట ఢిల్లీ పాదుషా ఫర్మానా, తర్వాత నిజాంతో ఒప్పందం, చివరికి గంజాంలో కంపెనీ జెండా. అప్పట్నుంచి తొంభై ఏళ్లు మన శిస్తు లెక్కలు, జమీందారుల అర్జీలు, కరువు నివేదికలు ఓడల్లో ఈ వీధికే చేరేవి. తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1823లో ఇక్కడే గుమాస్తాగిరీ మొదలెట్టి, పైకెదిగి, 1858 దాకా పనిచేశాడు.

ఇప్పుడు వెళ్తే ఆ మేడ లేదు. 1860ల మొదట్లో పడగొట్టేశారు. దాని చోట గొట్టాలూ మెట్లూ లిఫ్టులూ అన్నీ బయటికి పెట్టి కట్టిన లాయిడ్స్ భవనం మెరుస్తూ ఉంటుంది. పక్కనే లెడెన్‌హాల్ మార్కెట్‌లో హ్యారీ పోటర్ సినిమా తీశారని జనం మూగుతారు. మీరు పది నిమిషాలు అటు తిప్పి చూసి వచ్చేయండి. ఇక్కడ ఆగాల్సినంత సరుకు లేదు.

కాగితాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర యూస్టన్ రోడ్డు మీద బ్రిటిష్ లైబ్రరీ ఉంది. అందులో ఇండియా ఆఫీసు రికార్డులు పేర్చిన అరల పొడవు 14 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి డొంకూరు వెళ్లి, తిరిగి బయల్దేరితే ఇంకా కొంత మిగిలేంత. గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా రుజువు చూపిస్తే రీడర్ పాస్ ఉచితంగా ఇస్తారు. మూడో అంతస్తులో ఆసియా, ఆఫ్రికా గదికి వెళ్లాలి. పెన్ను లోపలికి తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. 2023 అక్టోబర్‌లో సైబర్ దాడితో ఆ లైబ్రరీ కేటలాగు కుప్పకూలింది. ఆ దెబ్బ నుంచి కోలుకోడానికి చాలా కాలమే పట్టింది. కాబట్టి వెళ్లేముందు కావాల్సింది దొరుకుతుందో లేదో కనుక్కోండి.

అడగాల్సినవేంటి? మాల్ట్‌బీ రాసిన గంజాం జిల్లా మాన్యువల్ అడగండి. 1882 నాటిది. మన ఊళ్లు, పంటలు, రేవులు, జమీందారీలు ఒక తెల్లదొర కంటికి ఎలా కనబడ్డాయో అందులో ఉంటుంది. 1832-36 మధ్య పర్లాకిమిడి, గుంసూరు పితూరీల మీద జార్జ్ రస్సెల్ ఇచ్చిన నివేదికలు అడగండి. ఇతను చేపల రస్సెల్ కాదు, పితూరీలు అణచడానికి వచ్చిన రస్సెల్. ఆ భాష చదువుతుంటే కడుపు మండుతుంది. మన్యంలో ఊళ్లు తగలబెట్టిన సంగతి కూడా ఖర్చుల పద్దు రాసినట్టే రాస్తారు. అయినా చదవాలి. మనవాళ్ల కథ మనవాళ్లు రాసుకోలేదు. ఎదుటివాడు రాసిందాంట్లోంచి ఏరుకోవాలి.

అక్కడే కంపెనీ సర్వేయరు మెకంజీ దొర సేకరణలూ ఉన్నాయి. అమరావతి స్తూపాన్ని 1790ల చివర్లో చూసి, 1816-17లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆయనకి తెలుగుదేశాన్ని చూపించినవాళ్లు ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, వాళ్ల సోదరులు. ఆ బొమ్మల్లో ఉన్న రాళ్లు కొన్ని ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేవు. ఊళ్లో వాళ్లు సున్నానికి కాల్చేసుకున్నారు. ఆ ఆల్బమ్ చూశాక బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లడం సరైన వరస.

33ఎ గది

బ్రిటిష్ మ్యూజియం అసలు టూరిస్టుల చోటే కదా అంటారేమో. నిజమే. జనమంతా రొసెట్టా రాయి దగ్గర, ఈజిప్టు మమ్మీల దగ్గర ఉంటారు. వాళ్లని దాటుకుని 33ఎ అని రాసిన గదికి వెళ్లండి. అద్దాల గోడ వెనక, గాలి తేమని లెక్కగా ఉంచే గదిలో, పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన అమరావతి ఉంటుంది. దాదాపు 120 శిల్పాలు.

వీటిని పంపినాయన వాల్టర్ ఎలియట్. 1845లో తవ్వించాడు. అదే సంవత్సరం నుంచి 1854 దాకా ఆయన ఉత్తర సర్కారులకి కమిషనర్. అంటే గంజాం జిల్లా, ఆ లెక్కన మన ఇచ్ఛాపురం కూడా ఆయన చేతికిందే. తెలుగు వచ్చినవాడు. ఉత్తర సర్కారుల్లో దొరికే మొక్కలకి తెలుగు పేర్ల పట్టీ తయారుచేసి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అని అచ్చువేయించాడు. ఉద్దానంలో నాటు వైద్యం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆ పట్టీ వెతికి చూడొచ్చు.

తవ్విన రాళ్లు మొదట మద్రాసులో మ్యూజియం ముందు ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కాయి. లండన్‌కి చేరేసరికి కంపెనీయే రద్దయిపోయింది, పెట్టుకోడానికి చోటు లేదు. సౌత్‌వార్క్‌లో నది ఒడ్డు గోడౌన్‌లో కొన్నాళ్లు, ఫైఫ్ హౌస్ అనే మేడలో గుర్రబ్బండ్లు పెట్టే కొట్టులో కొన్నాళ్లు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే ఆయన పారిస్ ప్రదర్శనకి ఫొటోల కోసం వెతుకుతూ ఆ కొట్టులో వాటిని చూసి నిర్ఘాంతపోయాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. అక్కడా లండన్ పొగకి రాయి పాడవుతోందని చాలాకాలం లోపల దాచేశారు. ఇప్పుడున్న ప్రత్యేక గది 1992లో తెరిచారు.

గదిలో ఒక పలక కోసం వెతకండి. దానికి రెండు వైపులా చెక్కడం ఉంటుంది. ఒకవైపు క్రీస్తుపూర్వం చెక్కింది. మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు మళ్లీ చెక్కారు. పాతవైపు బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ ఆసనం, చెట్టు, దండం పెట్టే జనం. కొత్తవైపు స్తూపం నిండుగా, పూలదండలతో, సింహాలతో, అమరావతి అసలు ఎలా ఉండేదో ఫొటో తీసినట్టు ఉంటుంది. అమరావతిలో ఇప్పుడు మిగిలిన మట్టిదిబ్బ చూసినవాళ్లకి, మన శాలిహుండంలో ఇటుకల వరసలు చూసినవాళ్లకి, ఆ దిబ్బల మీద ఒకప్పుడు ఏముండేదో ఆ పలక ముందు నిలబడితే గానీ అర్థం కాదు. అర్థం కావడానికి అంత దూరం వెళ్లాల్సి రావడం అన్యాయమే. ఈ రాళ్లు తిరిగి రావాలి. కనీసం కొన్నయినా, కొన్నేళ్లకయినా. ఇక్కడ ఉంటే సున్నమైపోయేవన్న వాదన 1845కి సరిపోతుంది, ఇవాళ్టికి సరిపోదు.

కోహినూరు కోసం లండన్ టవర్‌కి వెళ్తామన్నవాళ్లని నేను ఆపను. కొల్లూరు గనిలోదని చెప్పుకుంటాం కాబట్టి చూడాలనే ఉంటుంది. ఖరీదైన టికెట్ కొనుక్కుని, కదిలే పట్టీ మీద నిలబడితే అది మిమ్మల్ని కిరీటాల ముందు నుంచి లాక్కుపోతుంది. 33ఎ గదిలో ఎంతసేపు నిలబడ్డా ఎవరూ కదలమనరు, టికెట్ కూడా లేదు. మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఈ కథనంలో నేను వెళ్లమంటున్న చోట్లలో ఒక్క దానికీ ప్రవేశ రుసుము లేదు.

బ్రౌన్ దొర దగ్గరికి

బేకర్లూ లైన్ రైల్లో పడమటికి వెళ్తే కెన్సల్ గ్రీన్ స్టేషన్. దిగి కొంచెం నడిస్తే 1833లో తెరిచిన పెద్ద శ్మశానం. ఎత్తైన చెట్లు, వంగిపోయిన శిలువలు, నాచు పట్టిన దేవదూతలు. రైల్వేలూ వంతెనలూ కట్టిన బ్రునెల్, కంప్యూటర్‌కి తాతయ్య అనదగ్గ బాబేజ్ ఇక్కడే ఉన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ తాతగారు ద్వారకానాథ్ కూడా 1846లో లండన్‌లో పోతే ఇక్కడే పాతిపెట్టారు.

మన సి.పి.బ్రౌన్ ఉన్నదీ ఇక్కడే. 1798లో కలకత్తాలో పుట్టి, కడప, మచిలీపట్నం, రాజమండ్రి అన్నీ తిరిగి, వేమన పద్యాలు 1829లో అచ్చువేయించి, 1852లో నిఘంటువు తెచ్చి, 1855లో ఉద్యోగం వదిలి లండన్ వచ్చేశాడు. తర్వాత ఇక్కడి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసర్‌గా కూడా ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. వెస్ట్‌బోర్న్ గ్రోవ్ దగ్గర కిల్డేర్ గార్డెన్స్‌లో 22వ నంబరు ఇంట్లో 1884 డిసెంబర్ 12న పోయాడు. ఇల్లు చూడాలనుకుంటే ఆ వీధి ఇప్పటికీ ఉంది. మధ్యలో చిన్న తోట, చుట్టూ తెల్ల మేడలు.

లండన్‌లో ఆయన చేసిన పనుల్లో జనం తక్కువ చెప్పుకునేది ఒకటుంది. 1830ల్లో సెలవు మీద వచ్చినప్పుడు ఈస్టిండియా హౌస్ లైబ్రరీలో దక్షిణాది భాషల రాతప్రతులు రెండు వేలకి పైగా దుమ్ముకొట్టుకుని ఉండడం చూశాడు. అక్కడ వాటిని చదివే దిక్కే లేదు. పట్టుబట్టి వాటిని మద్రాసుకి తిప్పి పంపించాడు. లండన్ నుంచి వస్తువులు వెనక్కి రావడం కొత్త కోరిక అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పొచ్చు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఒక తెల్లదొరే ఆ పని చేసి చూపించాడు.

బ్రౌన్ పోయేనాటికి ముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తికి ఇరవై ఒక్కేళ్లు. పర్లాకిమిడిలో బడిపంతులు. జనం మాట్లాడే తెలుగుకి గౌరవం తెచ్చే పని ఒకరు ఆపేసిన చోట రెండోవారు అందుకున్నారు. ఒకరి సమాధి లండన్‌లో ఉంటే రెండోవారి ఊరు మనకి బస్సు దూరం. ఎంతమంది మన పిల్లలకి పర్వతాలపేట ఎక్కడో తెలుసని ఈ సందర్భంలో అడగక తప్పదు.

తూర్పు వైపు

ఇప్పటిదాకా చెప్పింది దొరల లండన్. మన పిల్లలుండే లండన్ తూర్పున ఉంది. డిస్ట్రిక్ట్ లైన్‌లో ఈస్ట్ హామ్ స్టేషన్‌లో దిగి హై స్ట్రీట్ నార్త్‌లో నడిస్తే తెలుగు వినబడకుండా వంద అడుగులు వెయ్యలేరు. మహాలక్ష్మి గుడి ఆ వీధిలోనే ఉంది. కొంచెం ముందుకెళ్తే మురుగన్ గుడి. తమిళులు, గుజరాతీలు, బంగ్లాదేశీలు ముందొచ్చి స్థిరపడ్డ చోటికి తెలుగు విద్యార్థులు వరదలా వచ్చారు. 2021 జులైలో చదువయ్యాక రెండేళ్లు ఉండి పనిచేసుకునే వీసా మళ్లీ మొదలెట్టాక ఆ వరద ఇంకా పెరిగింది. షాపుల అద్దాల మీద షేరింగ్ రూముల చీటీలు. కూరల కొట్లో గోంగూర, చిక్కుళ్లు, కొబ్బరికాయలు. రాత్రి ఎనిమిదింటికి చూస్తే వీపున డెలివరీ సంచీలతో సైకిళ్లెక్కే కుర్రాళ్లు. పగలు క్లాసు, రాత్రి డెలివరీ. ఇంట్లో చెప్పిన లండన్ వేరు, వాళ్లు బతికే లండన్ వేరు. ఇక్కడ రెండు గంటలు తిరిగితే, పిల్లల్ని పంపించాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులకి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పని చాలా సంగతులు తెలుస్తాయి.

ఉద్దానం నుంచి వలస కొత్తేం కాదు. వెల్డర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కీ సింగపూర్‌కీ, ఓడల్లో సిబ్బందిగా ఎక్కడికైనా మనవాళ్లు వెళ్తారు. ఓడలెక్కిన పాతతరం ఆసియా నావికులు లండన్‌లో దిగితే ఎక్కడ తలదాచుకునేవాళ్లో చూడాలంటే లైమ్‌హౌస్ వెళ్లాలి. వెస్టిండియా డాక్ రోడ్డులో 1857లో వాళ్లకోసం ఒక సత్రం పెట్టారు. ఇప్పుడది లేదు. ఆ సత్రం రాకముందు చలికి వీధుల్లో చచ్చిపోయినవాళ్లున్నారు. పక్కనే 1802 నాటి చక్కెర గోడౌన్‌లో డాక్‌లాండ్స్ మ్యూజియం ఉంది. ఆ పాత రేవుల కథంతా అక్కడ చెప్తారు. హాక్నీలో, దొరసానుల పిల్లల్ని ఎత్తుకుని ఓడలో వచ్చి ఇక్కడ దిక్కులేకుండా మిగిలిన ఆయాలు ఉండే ఇంటికి 2022లో నీలి ఫలకం పెట్టారు. కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్, 26వ నంబరు. ఇలాంటి ఫలకాలు లండన్‌లో గొప్పవాళ్లకే పెట్టేవారు. ఈ ఒక్కటి కోసం హాక్నీ వెళ్లినా దండగ కాదు.

డాక్‌లాండ్స్ మ్యూజియం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో బిల్లింగ్స్‌గేట్ ఉంది. లండన్ చేపల బజారు. ఇది మాత్రం డొంకూరు వాళ్లకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు, వాసనే దారి చూపిస్తుంది. వందల ఏళ్లు థేమ్స్ ఒడ్డున పాత ఊళ్లో ఉండేది. 1982లో ఇక్కడికి మార్చారు. చుట్టూ కానరీ వార్ఫ్ బ్యాంకుల ఆకాశహర్మ్యాలు, మధ్యలో పసుపు కప్పు షెడ్డు. మంగళవారం నుంచి శనివారం దాకా తెల్లవారుజామున ఐదింటికి తెరిచి ఎనిమిదిన్నరకి మూసేస్తారు. పన్నెండేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు. కింద తడి, ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతుంటాయి కాబట్టి మంచి బూట్లు వేసుకోవాలి. సాల్మన్, కాడ్, బతికున్న పీతలు, వాటి పక్కనే ఆసియా వంటల కోసం గడ్డకట్టించి తెచ్చిన చేపల డబ్బాలు. మన రేవులో వేలం వినడానికి అలవాటుపడ్డ చెవికి ఇక్కడి నిశ్శబ్దం వింతగా ఉంటుంది. ధర రాసి పెడతారు, బేరం మెల్లగా ఆడతారు. మన గంగపుత్రుడెవరైనా వెళ్తే చేప మొప్ప ఎత్తి చూసి, ‘ఏటి బావూ, ఇదెన్నాళ్ల నాటిది?’ అని అడక్క మానడు. అడగొచ్చు. ఎవరూ ఏమనుకోరు.

రొయ్యల దగ్గర ఇంకొంచెం సేపు నిలబడండి. ఉద్దానం తీరం వెంట చెరువులు తవ్వి వనామీ పెంచేవాళ్లందరికీ ఈ దేశంతో పనుంది. 2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందంలో మన రొయ్యల మీద ఇక్కడ వేసే సుంకం ఎత్తేసే ఏర్పాటు ఉంది. అమెరికా సుంకాల దెబ్బ తిన్న రైతుకి అది ఎంత ఊరటో, ధర మధ్యలో ఎవరి చేతిలో ఆగుతుందో అన్నది వేరే కథ. ఆ రొయ్య చివరికి ఎలాంటి బల్ల మీదికి చేరుతుందో కళ్లారా చూడ్డానికి మాత్రం ఇంతకంటే మంచి చోటు లేదు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బజారు ఉన్న స్థలం మీద లండన్ నగర కార్పొరేషన్ కన్ను చాన్నాళ్లుగా ఉంది. అక్కడ ఇళ్లు కట్టాలని 2024లో నిర్ణయం తీసుకుంది. వ్యాపారులు కనీసం 2028 దాకా అక్కడే ఉంటారని అప్పుడు చెప్పారు. వీసా పని ఇప్పుడు మొదలెట్టేవాళ్లు బిల్లింగ్స్‌గేట్‌ని జాబితాలో పైన రాసుకోవాలి.